మొదటి చుట్టు

శేషయ్యకి వినికిడి తగ్గిందన్న సంగతి ఇంట్లో ఒక్క ఆండాళమ్మకే తెలుసు. రెండేళ్ళలో ఆ విషయం భార్యాభర్తల మధ్య మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఒకే మాట దగ్గర ఆగిపోయింది.

"అమ్మాయికి చెప్పీండి. డాక్టరికి చూపిస్తాది," అంటుంది ఆండాళమ్మ.

"చెప్తే మరి పాపని నాతో పంపుద్దేటి?" అంటాడు శేషయ్య.

పాప అంటే మహిత, కూతురు ఉదయశ్రీ బిడ్డ, తొమ్మిదేళ్ళది. బెంగాల్లోని లిలువాలో వాళ్ళ ఇల్లు శేషయ్య ఇంటికి రెండు గల్లీల అవతల. ఉదయశ్రీ, ఆమె భర్త అభిజిత్ ఇద్దరూ పొద్దున్న ఏడున్నర లోకల్ అందుకోవాలి. ఏడింటికి పాపని ఇక్కడ దింపి పోతారు. ఎనిమిదింటికి శేషయ్య ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బస్సులూ లారీలూ తిరిగే జీటీ రోడ్డు దాటించి స్కూలు గేటు దాకా తీసుకెళ్తాడు, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి తెస్తాడు. ఆ పని కోసం ఏడుకల్లా స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషికి మిగిలిన పని అదొక్కటే.

ఏడాదికి ఒకరోజు పని ఇంకొకటి ఉంది. అది మాఘమాసం మేళాలో.

శేషయ్య తాత పలాస దగ్గరి ఊరి నుంచి వచ్చి ఇక్కడ పట్టాల పనిలో చేరాడు. తండ్రి ఖలాసీ, మేస్త్రీల కింద బరువు పనులు చేసేవాడు. శేషయ్య చక్రాల దగ్గర పని నేర్చుకున్నాడు. చక్రాన్ని సుత్తితో కొడితే, బాగున్నది గంటలా మోగుతుంది. ఆ మోత కాసేపు గాలిలో నిలుస్తుంది. లోపల పగులుంటే చచ్చిన శబ్దం వస్తుంది, వచ్చిన చోటే ఆగిపోతుంది. తర్వాత మిషన్లు వచ్చాయి. పాత మేస్త్రీలు మిషన్ని చూడనిచ్చి, ఆనక అలవాటు కొద్దీ ఒక దెబ్బ కొట్టి వినేవాళ్ళు. శేషయ్య వాళ్ళ దగ్గర పెరిగినవాడు.

ఇరవై రెండేళ్ళ కిందట పెళ్ళాం బిడ్డలతో తారకేశ్వర్ లైనులో ఒక పల్లెటూరి మేళాకి వెళ్ళాడు. అక్కడ జెయింట్ వీల్ తిరుగుతుంటే చుట్టుకొకసారి ఒక శబ్దం తేడాగా వచ్చింది. జనం గోలలో ఇంకెవరికీ పట్టలేదు. శేషయ్య వెళ్ళి యజమానితో గొడవపడి వీల్ ఆపించాడు. స్పానరుతో ఒక్కొక్క పిన్నూ కొట్టుకుంటూ వెళ్ళి ఒకటి ఊడదీయించాడు. అది సగానికి తెగి ఉంది. ఆ పిన్ను మోస్తున్న తొట్టిలో అప్పటిదాకా ఇద్దరు పిల్లలు కూర్చుని ఉన్నారు.

ఆ యజమాని పెద్దాయన అప్పుడే ఒక పద్ధతి పెట్టాడు. ఏటా మేళా మొదటిరోజు శేషయ్య వచ్చి వీల్ మొత్తం కొట్టి చూడాలి. 'ఠీక్ ఆఛే,' బాగుంది అని పైకి అరిచి చెప్పాలి. ఆ తర్వాత మొదటి చుట్టు అతని కుటుంబమే ఎక్కాలి. తను బాగుందన్న చక్రంలో తన వాళ్ళనే కూర్చోబెట్టాలన్నది షరతు. అది దిగాకే జనానికి టికెట్లు. పెద్దాయన పోయాడు, కొడుకు ధనుంజయ్ నడుపుతున్నాడు, పద్ధతి మాత్రం సాగింది. ఆ ఊళ్ళో శేషయ్య పేరు ఎవరికీ తెలియదు. అందరికీ అతను 'రేల్‌దాదు', రైలు తాత.

పోయినేడాది వీల్‌కున్న, తొట్టెల్ని మోసే పన్నెండు ఇనప చేతుల్లో ఎనిమిదింటి మోత విన్నాడు శేషయ్య. మిగతా నాలుగూ విన్నాననుకున్నాడు. ఠీక్ ఆఛే అన్నాడు. అందరూ ఎక్కారు, దిగారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని ఆండాళమ్మతో కూడా చెప్పలేదు.

ఈ ఏడు ధనుంజయ్ ఫోను చేసినప్పుడు ఆండాళమ్మే ఎత్తింది.

"ఆదివారం రమ్మంటన్నాడు. ఏటి చెప్పాల?"

"వొంట్లో బాగోలేదని చెప్పీ."

"మీ మనవరాలు నెల్రోజుల్నించి క్లాసులో అందరికీ చెప్పీసింది, మా తాత ఊ అంటేగాని జెయింట్ వీల్ తిరగదని. దానికేటి చెప్తారు?"

వస్తామని చెప్పేసింది ఆండాళమ్మ.

ఆదివారం ఆకాశం మబ్బుగా ఉంది. ఐదుగురూ పదిన్నరకి రైలు దిగి టోటో అనే బ్యాటరీ ఆటో ఎక్కారు. దారి పొడుగునా పొలాల్లో బంగాళాదుంపలు కుప్పలు పోసి గోనెసంచులు కప్పి ఉన్నాయి. ఈసారి ధర లేదని, జనం చేతుల్లో డబ్బు లేదని టోటోవాడు అడక్కుండానే చెప్పాడు. మేళా మైదానం ముందురోజు వానకి చిత్తడిగా ఉంది. నడిచేచోట వరిగడ్డి పరిచారు, అదీ బురదలో కలిసిపోయింది. కూరగాయల పోటీ పందిట్లో కాలీఫ్లవర్లు, సొరకాయలు, ముల్లంగి దుంపలు బల్లల మీద వరసగా పెట్టి, పండించిన వాళ్ళ పేర్లు అట్టముక్కల మీద రాసి గుచ్చారు. మొదటి బహుమతి కాలీఫ్లవర్ పక్కన దాన్ని పండించిన రైతు ప్లాస్టిక్ కుర్చీలో నిద్రపోతున్నాడు.

"అల్లుడి తలకాయంత ఉంది సూడండి," అంది ఆండాళమ్మ.

అభిజిత్‌కి తెలుగు మాట్లాడటం రాదుగానీ అత్తగారి ఎగతాళి అర్థమయ్యేంత వచ్చు. "అయితే నన్నే పోటీకి పెట్టెయ్యండి, అమ్మా. మీకు బహుమతి మిక్సీ వస్తుంది," అన్నాడు బెంగాలీలో.

"లోపలేం లేదని తిప్పి పంపీగల్రు," అంది ఉదయశ్రీ.

అందరూ నవ్వారు. అందరి మొహాలూ చూసి, క్షణం ఆలస్యంగా శేషయ్యా నవ్వాడు.

జెయింట్ వీల్ మైదానం చివర ఉంది. ఎరుపు, పసుపు రంగులు కొత్తగా వేశారు. చుట్టూ తాడు కట్టారు. తాడు బయట పిల్లలూ పెద్దలూ ఓ వంద మంది అప్పటికే నిలబడి ఉన్నారు. ధనుంజయ్ ఎదురొచ్చి కాళ్ళకి దండం పెట్టాడు. నలభై అయిదేళ్ళ మనిషి, మెడలో మఫ్లరు.

"ఎసో కాకా, ఎసో! రా, నీకోసమే ఆపి ఉంచాను," అన్నాడు బెంగాలీలో. జనం వైపు తిరిగి, "రేల్‌దాదు వచ్చాడు!" అని అరిచాడు. ఎవరో ఈల వేశారు. మహిత తాత చెయ్యి వదిలి, తాడు దగ్గర తన ఈడు పిల్లల వైపు గర్వంగా చూసింది.

శేషయ్య సంచిలోంచి సుత్తి తీశాడు. నట్టుకి ఒకవైపు వేలు ఆనించి రెండోవైపు కొట్టాడు. వదులైన నట్టుని వేలు చెబుతుంది. వేళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. పిన్ను లోపలి పగులుని మాత్రం వేలు చెప్పదు, చెవే చెప్పాలి. మొదటి చేతికి కొట్టాడు. దుప్పటి కప్పుకుని విన్నట్టు ఏదో వచ్చింది. రెండోది కూడా అంతే. మూడో దానికి ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాడు. పక్కన బొమ్మల దుకాణం వాడి మైకు మోగుతోంది. దాన్ని ఆపించమని సైగ చేశాడు. ధనుంజయ్ మనిషిని పంపి ఆపించాడు. జనం కూడా గౌరవంగా నోరు మూసుకున్నారు. అంత నిశ్శబ్దంలో శేషయ్య మూడో చేతిని మూడోసారి కొట్టాడు. ఇనుము మీద ఇనుము తగిలిన అదురు మణికట్టు దాకా వచ్చింది. చెవి దాకా ఏమీ రాలేదు.

అక్కడ ఆపేసి ఉండవచ్చు. ఆపలేదు. ధనుంజయ్ మనుషులు వీల్‌ని చేత్తో కొంచెం కొంచెంగా తిప్పుతుంటే, కిందికి వచ్చిన చేతినల్లా కొట్టుకుంటూ పన్నెండూ పూర్తి చేశాడు. ప్రతిదాని దగ్గరా తల కొంచెం పక్కకి వంచి వింటున్నట్టు నిలబడ్డాడు. ఆ తల వంపు అలవాటుగా వచ్చేదే. దూరం నుంచి చూసేవాళ్ళకి ఏ తేడా తెలియలేదు. ఆండాళమ్మ ఒక్కతే చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"కాకా?" అన్నాడు ధనుంజయ్.

శేషయ్య తలూపాడు. ఠీక్ ఆఛే అని అరవలేదు, తల మాత్రమే ఊపాడు. ధనుంజయ్‌కి అది చాలు. అతని మనిషి ఒకడు తొట్టి తలుపు తీశాడు. మహిత ముందు దూకింది, వెనక అభిజిత్, ఉదయశ్రీ ఎక్కారు. ఇనప కడ్డీ అడ్డంగా వేసి కొక్కెం బిగించాడు ఆ మనిషి. పక్క తొట్టి శేషయ్యకీ ఆండాళమ్మకీ. ఆండాళమ్మ కదల్లేదు.

"తాతా, రా!" అని మహిత చెయ్యి ఊపింది. ఆ పిల్ల పెదాలు కదలడం చూశాడు శేషయ్య.

వెళ్ళి కొక్కెం ఊడదీశాడు.

"దిగండి," అన్నాడు.

"ఏటయింది నాన్నా?"

"దిగమన్నాను. ముందు పాపని దింపు."

ముగ్గురూ దిగారు. మహిత మొహం ఎర్రబడింది. ధనుంజయ్ పరుగున వచ్చాడు. "ఏ పిన్ను? చెప్పు కాకా, ఇప్పుడే మార్చేస్తాను."

"తెలీదు," అన్నాడు శేషయ్య బెంగాలీలో. "నాకు వినపడటం లేదు. ఒక్కటి కూడా వినపడలేదు. బాగుందో లేదో నేను చెప్పలేను."

గొంతు తగ్గించే చెప్పాననుకున్నాడు. తన గొంతు ఎంత పెద్దదో ఈమధ్య అతనికే తెలియడం లేదు. తాడు బయట ఉన్న వంద మందీ విన్నారు.

ధనుంజయ్ ముందు అర్థంకానట్టు చూశాడు. తర్వాత శేషయ్య భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళి, చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "దీనికా ఇంత భయపడ్డావు? ఇదిగో చూడు. నిన్ననే ఇంజినీరు వచ్చి మిషను పెట్టి చూసి సంతకం పెట్టాడు. నాలుగేళ్ళుగా మేళా కమిటీ వాళ్ళు ఇది లేనిదే జాగా ఇవ్వడం లేదు. పిన్నులు కూడా సీజనుకి కొత్తవి వేస్తున్నాను."

ఈసారి అతను ఎదురుగా నిలబడి చెవి దగ్గరగా చెప్పాడు కాబట్టి శేషయ్యకి ప్రతి మాటా అందింది.

"మరి నన్నెందుకు పిలుస్తున్నావు?"

"నాన్న పెట్టిన అలవాటు కదా. జనానికి ఇష్టం. నువ్వు రావడం నీకూ ఇష్టమనుకున్నాను."

శేషయ్య కాగితం తీసుకుని చూశాడు. కళ్ళజోడు పెట్టుకోలేదు కాబట్టి అక్షరాలు కనిపించలేదు. గుండ్రటి ముద్ర మాత్రం కనిపించింది. తిరిగి ఇచ్చేశాడు.

ఈలోగా ఉదయశ్రీ దగ్గరికి వచ్చింది.

"ఎప్పట్నించి నాన్నా?"

"ఏటి?"

"వినపడనిది ఎప్పట్నించి?"

"రెండేళ్ళు."

"అంటే పోయినేడాది కూడా వినపడలేదేటి?"

"సగం వినపడింది."

"సగం విని పాపని ఎక్కించీసినావా?"

ఆండాళమ్మ మధ్యలోకి వచ్చింది. "నలుగుర్లో ఏటే ఆ మాటలు! ఇంటికెళ్ళి అడుగు."

"నీకూ తెలుసన్నమాట," అంది ఉదయశ్రీ. తల్లి మొహం పక్కకి తిప్పుకుంది. కూతురు వెళ్ళి పిల్ల పక్కన నిలబడింది.

తాడు బయట జనం పలచబడుతున్నారు. రైలు తాత తన వాళ్ళని దింపేశాడన్న మాట అప్పటికే జిలేబీ దుకాణం దాకా పాకింది. ధనుంజయ్ మొహంలో నవ్వు పోయింది.

"కాకా, ఒక్కసారి మళ్ళీ నాలుగు దెబ్బలు కొట్టి, ఠీక్ ఆఛే అని గట్టిగా అను. అంతే. కాగితం ఉంది, ప్రమాదం లేదు. అబద్ధం కూడా కాదు. నువ్వు అనకపోతే ఈ మొదటిరోజు నాకు పోయినట్టే."

"విననిది విన్నానని అనలేను."

"పోయినేడాది అన్నావు కదా నాన్నా?" అంది ఉదయశ్రీ, దూరం నుంచే, బెంగాలీలోనే.

"అన్నాను," అన్నాడు శేషయ్య. "అందుకే ఇప్పుడు అనను."

ధనుంజయ్ ఇంకో నిమిషం బతిమాలాడు. తర్వాత శేషయ్య చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు. కోపంగా లాక్కోలేదు, మర్యాదగానే తీసుకున్నాడు. వీల్ చుట్టూ తిరుగుతూ దొరికిన చోటల్లా టంగు టంగుమని కొట్టాడు. ఎక్కడా తల వంచి వినలేదు. తాడు దగ్గరికి వచ్చి రెండు చేతులూ ఎత్తి, "ఠీక్ ఆఛే!" అని అరిచాడు. తన పెళ్ళాన్నీ తమ్ముణ్ణీ తొట్టిలో కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పించాడు. మైకు మళ్ళీ మొదలయింది. మొదట ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు టికెట్లు కొన్నారు. వాళ్ళ వెనక ఒక కుటుంబం వచ్చింది. పావుగంటలో వరస మామూలుగా సాగింది.

అభిజిత్ ఆ కాగితం అడిగి తీసుకుని పైనుంచి కింది దాకా చదివాడు, ఫోనులో ఫొటో తీసుకున్నాడు, తర్వాత మహితని తీసుకుని అందరితోపాటు వరసలో నిలబడి టికెట్టు కొన్నాడు. వీల్ లేచినప్పుడు ఉదయశ్రీ కళ్ళు మూసుకుంది. శేషయ్య మూసుకోలేదు. పిల్ల ఉన్న పసుపురంగు తొట్టి పైకి పోవడం, కిందికి రావడం చూస్తూ నిలబడ్డాడు. ఏమీ కాలేదు.

ధనుంజయ్ ఇంటి నుంచి ఎప్పటిలాగే కిచిడీ, క్యాబేజీ కూర వచ్చాయి. ధనుంజయ్ మాత్రం రాలేదు, టికెట్ల దగ్గర పని ఉందన్నాడు. శేషయ్య పెట్టింది తిన్నాడు, ఇంకొంచెం వేస్తే అదీ తిన్నాడు. సుత్తి అడగమని ఆండాళమ్మ గుర్తు చేసింది. ఉండనీ అన్నాడు.

సాయంత్రం నాలుగున్నర లోకల్లో సీట్లు దొరికాయి. ఎదురెదురుగా కూర్చున్నారు. శేవడాఫులి స్టేషను వచ్చింది. అక్కడ రైలు ఆగి ఉన్నప్పుడు ఉదయశ్రీ ముందుకి వంగి అడిగింది.

"నాన్నా, జీటీ రోడ్డు మీద బస్సు హారన్ కొడితే నీకు వినపడతాదా?"

"దగ్గరికొస్తే వినపడతాది."

"దగ్గరంటే ఎంత దగ్గర?"

శేషయ్య ఆలోచిస్తుంటే మహిత అందుకుంది. వీల్ ఎక్కాక ఆ పిల్ల కోపం పోయింది. తాతని ఎవరో తప్పుపడుతున్నారని మాత్రం తెలుస్తోంది, అందుకని తాత పక్షాన మాట్లాడింది.

"నేనున్నాను కదా అమ్మా! బస్సొస్తే నేను తాత చెయ్యి గట్టిగా ఒకసారి నొక్కుతాను. లారీ అయితే రెండుసార్లు. అప్పుడు తాత ఆగిపోతాడు. టోటో అయితే నొక్కను, అది చిన్నదే కదా."

ఉదయశ్రీ కూతురి వైపు తిరిగింది. "ఎవరు చెప్పేరు నీకు అలగ చెయ్యమని?"

"కేవు బలేని. ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. క్లాస్ టూలో."

"తాతకి తెలుసా?"

"తెలుసు. రోజూ గేటు దగ్గర నాకు థాంక్యూ చెప్తాడు."

అభిజిత్ కిటికీ వైపు చూశాడు. ఆండాళమ్మ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పి, తాగకుండానే మళ్ళీ బిగించింది. రైలు కదిలింది. చక్రాల చప్పుడులో శేషయ్యకి ఇక ఎవరి మాటా వినపడదు. కానీ ఈ మాటలు రైలు ఆగి ఉండగా నడిచాయి. ఎదురుగా కూర్చున్న పిల్ల ఏం చెప్పిందో అతనికి పూర్తిగా అందింది.

లిలువాలో దిగాక ఉదయశ్రీ పిల్ల చెయ్యి పట్టుకుని ముందు నడిచింది. రోజూలా తాతగారింటి మలుపు దగ్గర ఆగలేదు.

రాత్రి ఎనిమిదింటికి తల్లికి ఫోను చేసింది. స్కూలు పూల్‌కారు వాళ్ళతో మాట్లాడాను, రేపట్నించి ఇంటి దగ్గరే ఎక్కించుకుని ఇంటి దగ్గరే దింపుతారు, మధ్యాహ్నం కింది వాటావాళ్ళు చూస్తారు అంది. వచ్చేవారం నాన్నని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను, పేరు రాయించాను అని కూడా అంది.

"మీ నాన్నతో నువ్వే సెప్పు," అంది ఆండాళమ్మ.

"ఫోన్లో చెప్తే వినపడదు కదమ్మా," అంది ఉదయశ్రీ. ఆ గొంతులో వెటకారం లేదు.

ఆండాళమ్మ చెప్పింది. ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, రెండుసార్లు. శేషయ్య రెండోసారి అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

సోమవారం పొద్దున్న అతను ఏడుకల్లా స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎనిమిదయింది. ఎనిమిదిన్నర అయింది. ఆండాళమ్మ వంటగదిలోంచి వచ్చి అతని ముందు నిలబడింది.

"ఊరికే కూకోకపోతే అలగ బజారికెళ్ళి ఉల్లిపాయలు తేకూడదేటి? కాళ్ళు బాగానే ఉన్నాయి కదా."

శేషయ్య ఆమె పెదాల వైపు చూస్తూ మాట పూర్తయ్యేదాకా ఆగాడు.

"బజారు జీటీ రోడ్డుకి అవతల కదే," అన్నాడు.

 ఆండాళమ్మ గోడకున్న సంచి తీసుకుని, చెప్పులు వేసుకుని తనే బయల్దేరింది.